కేంద్ర క్యాబినెట్‌లో మనకేమొచ్చిందబ్బా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు ఒకసారి రండి

కావలి_కుర్రోడు · జూన్ 10, 2024 · రాత్రి 10:05

నిన్న ఆదివారం సాయంత్రం నుంచి టీవీ ముందే కూర్చోని ప్రమాణాలు మొత్తం చూశా, ఈ రోజు శాఖలు కూడా పంచేశారు. ప్రధానితో కలిపి 72 మంది. 30 మంది క్యాబినెట్ మంత్రులు, 5 మంది స్వతంత్ర హోదా వాళ్ళు, 36 మంది మామూలు సహాయ మంత్రులు. మన రాష్ట్రానికి మూడు. శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుకి విమానాలు, గుంటూరు పెమ్మసానికి గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్లలో సహాయం, నరసాపురం శ్రీనివాస వర్మకి ఉక్కు, భారీ పరిశ్రమల్లో సహాయం. మ్యాప్ తీసి చూడండి, గుంటూరు దాటి ఇట్టా కిందికి వస్తే ఒక్కరు లేరు. ఒంగోలు, నెల్లూరు రెండు సీట్లూ సైకిల్‌కే వేశాం కదా, మనకేంది మరి? 240 సీట్ల దగ్గర ఆగిపోయిన బీజేపీకి మన టీడీపీ వాళ్ళు 16 మంది అంటే చిన్న విషయమా? గట్టిగా అడగలేదనిపిస్తాండాది నాకైతే.

బుచ్చి_బుల్లెట్ · రాత్రి 10:11

అడిగేది వాళ్ళు, ఇచ్చేది వాళ్ళు, నిద్ర చెడగొట్టుకునేది నువ్వు. అన్నం తిన్నావా అబ్బయ్యా?

ట్రంకురోడ్డు · రాత్రి 10:30

కుర్రోడా, 16 మందికి ఎన్ని అని త్రైరాశికం వేస్తే తేలే లెక్క కాదిది. నితీష్ పార్టీకి 12 మంది, ఒక క్యాబినెట్ ఒక సహాయ. మనకి 16, అదే ఒకటి ప్లస్ ఒకటి. షిండే శివసేనకి ఏడుగురు ఉంటే ఒక్క స్వతంత్ర హోదా ఇచ్చి సరిపెట్టారు, వాళ్ళు బయటికే గొణుగుతున్నారు. అజిత్ పవార్ పార్టీకి కూడా స్వతంత్ర హోదా ఇస్తామంటే, నేను ఇదివరకే క్యాబినెట్ మంత్రిగా చేసినోణ్ణి, ఇప్పుడు మెట్టు దిగి కూర్చోమంటే ఎట్టా అని ప్రఫుల్ పటేల్ వద్దన్నాడు. ఇంకోపక్క మాంఝీ పార్టీకి ఆయనొక్కడే ఎంపీ, ఆయనకి క్యాబినెట్! కుమారస్వామి పార్టీకి ఇద్దరు, క్యాబినెట్. జనసేనకీ ఇద్దరే, వాళ్ళకి సున్నా. మాంఝీ, కుమారస్వామి ఇద్దరూ మాజీ ముఖ్యమంత్రులు కాబట్టి వాళ్ళని సహాయ మంత్రి కుర్చీలో కూర్చోబెట్టలేరు అనుకో. పెళ్ళిలో మర్యాదల్లాంటిది ఇదంతా, ముందు బంతిలో ఎవర్ని కూర్చోబెట్టాలో పెళ్ళివారికి తెలుసు, మనం వెనక బంతిలో ఆకు వేస్తారా లేదా అని చూస్తన్నాం.

మొత్తం మిత్రపక్షాలకి కలిపి 11. అందులో క్యాబినెట్ అయిదు. హోం, రక్షణ, ఆర్థికం, విదేశాంగం నాలుగూ బీజేపీ దగ్గరే. రైల్వే కూడా అంతే. అసలు గొళ్ళెం అక్కడ ఉంది.

కావలి_కుర్రోడు · రాత్రి 10:41

అన్నా వెనక బంతి అయినా పర్లేదు, ఆకు అయితే పడాల కదా 😀

పాత_గుమాస్తా · జూన్ 11 · ఉదయం 5:50

నాకు తెల్లారుజామునే మెలకువ వస్తుంది, అందుకని ఇప్పుడు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నాయనా, 16 అన్న అంకె నాకు కొత్త కాదు. 1996లో కూడా మనవాళ్ళు సరిగ్గా 16 మందే గెలిచారు. అప్పుడు యునైటెడ్ ఫ్రంట్, దేవెగౌడ గారు ప్రధాని, రాంవిలాస్ పాశ్వాన్ గారు రైల్వే, మన ఎర్రన్నాయుడు గారు గ్రామీణాభివృద్ధి. నిన్న ప్రమాణాలు చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఆ ముగ్గురి కొడుకులూ ఈ క్యాబినెట్‌లో ఉన్నారు. కుమారస్వామి, చిరాగ్ పాశ్వాన్, రామ్మోహన్ నాయుడు. మధ్యలో 28 ఏళ్ళు పోయాయి, ఇంటిపేర్లు మాత్రం అవే. రామ్మోహన్‌కి 36 ఏళ్ళు, అందరిలోకీ చిన్నవాడంట. ఎర్రన్నాయుడు గారు బతికుంటే ఎంత సంతోషపడేవారో.

1999లో అయితే మనవాళ్ళు 29 మంది. ఇప్పటికి దాదాపు రెట్టింపు. ఒక్క మంత్రి పదవి తీసుకోలేదు, వాజ్‌పేయి గారికి బయట నుంచే మద్దతు ఇచ్చారు. స్పీకర్‌గా బాలయోగి గారు ఉన్నారు, అంతే. మరి ఏమొచ్చింది అంటావు, నేను అప్పుడు తహసీల్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి, పనికి ఆహార పథకం కింద బియ్యం లారీలకి లారీలు దిగుతుంటే కూపన్లు రాయలేక వేళ్ళు కాయలు కాశాయి. మన రాష్ట్రానికే ఎక్కువ బియ్యం వస్తున్నాయని పక్క రాష్ట్రాలవాళ్ళు ఏడ్చేవాళ్ళు అని చెప్పుకునేవాళ్ళం. ఆ బియ్యం ఎంత కూలికి చేరాయి ఎంత దారిలో పోయాయి అనేది వేరే పురాణం, ఇప్పుడొద్దు. కుర్చీ లేకుండా కూడా తెచ్చుకోవచ్చు అని చెప్పడానికి రాశాను.

మన నెల్లూరు జిల్లా నుంచి మంత్రులే లేరనుకోకండి. నెహ్రూ గారి కాలంలో బెజవాడ గోపాలరెడ్డి గారు సమాచార ప్రసార శాఖ చూశారు. వెంకయ్యనాయుడు గారు చవటపాలెం మనిషే, లోక్‌సభకి ఒక్కసారి కూడా గెలవకుండా రాజ్యసభ నుంచే అంత దూరం పోయాడు, అది కూడా కర్ణాటక నుంచి, తర్వాత రాజస్థాన్ నుంచి. 2004లో పనబాక లక్ష్మి గారు నెల్లూరు నుంచి గెలిచి ఆరోగ్య శాఖ సహాయ మంత్రి అయ్యారు.

బుచ్చి_బుల్లెట్ · ఉదయం 7:15

గుమాస్తా గారూ పొద్దున్నే ఫిల్టర్ కాఫీ లాంటి పోస్టు వేశారు. అంటే మన జిల్లాలో పుట్టి వేరే రాష్ట్రం కోటాలో మంత్రి అవ్వాల, అంతేగా సూత్రం?

ఇందుకూరుపేట_చెరువు · ఉదయం 8:40

ఎవురు ఏ ఊరోళ్ళు అనేది నాకు అనవసరం సామీ, నాకు ఏ శాఖ ఎవురి దగ్గర ఉందనేదే కావాల. మత్స్య శాఖ నితీష్ పార్టీ లలన్ సింగ్‌కి ఇచ్చారు. బీహారాయన, గంగ చేప తెలుసు, ఆయనకి వెనామీ రొయ్య అంటే ఏందో మా చెరువు గట్టు మీదికి వచ్చి చూస్తే గాని తెలీదు. పోనీ ఆయనన్నా రొయ్య ధర చూస్తాడా అంటే అదీ కాదు, రొయ్యల ఎగుమతులు చూసే సంస్థ ఎంపెడా కామర్స్ మినిస్ట్రీ కింద ఉంటాది, ఆఫీసు కొచ్చిలో, మంత్రి పీయూష్ గోయల్. అమెరికావోళ్ళు మన రొయ్య మీద కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, అంటే మన సర్కారు రాయితీలు ఇస్తాందని వేసే అదనపు సుంకం అంటన్నారు, దాని మీద మాట్లాడాల్సింది ఆయనే. పిల్ల, మేత, కరెంటు, రోగం ఒక్కోటి ఒక్కో ఆఫీసు. మాకు కావాల్సింది కామర్స్‌లో తెలుగు తెలిసిన ఒక సహాయ మంత్రి, విమానాల్లో కాదు. మా రొయ్య విమానం ఎక్కదు, కంటైనర్‌లో ఓడెక్కుద్ది.

కొండపి_పొగాకు · ఉదయం 9:02

చెరువు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మాదీ అదే శాఖ. పొగాకు బోర్డు ఉండేది గుంటూరులో, పెట్టింది 1975 చట్టం కింద, పగ్గాలు మాత్రం ఢిల్లీ కామర్స్ మినిస్ట్రీలో. ఈ ఏడు ఎంత పంట వెయ్యాలో వాళ్ళే చెప్తారు, బ్యారన్‌కి, అంటే ఆకు కాల్చే కొట్టానికి ఇంత అని. వాన కలిసొచ్చి నాలుగు ఆకులు ఎక్కువ వచ్చాయనుకో, కోటాకి మించిన సరుకు వేలంలో పెట్టాలంటే పెనాల్టీ, ఆ పెనాల్టీ మాఫీ చెయ్యాలంటే మళ్ళీ ఆ మంత్రి సంతకమే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు ఇన్ని వేలం కేంద్రాలు ఉన్న చోట నుంచి కామర్స్‌లో ఎప్పుడన్నా మనిషి ఉన్నాడా అని మా నాన్నని అడిగితే, ముందు కట్టెల సంగతి చూడు ఎండాకాలం అయిపోతా ఉంది అన్నాడు.

మన వాళ్ళు ఢిల్లీలో ఏ శాఖ కావాలని అడిగారో నాకు తెలియదు కానీ, అడిగేముందు ఒకసారి వేలం ఫ్లోర్ మీదికి వచ్చి వాసన చూసి పోయి ఉంటే బాగుండేది.

కావలి_కుర్రోడు · ఉదయం 9:20

నేను ఎవరు మంత్రి అని అడిగితే మీరు శాఖల కాడికి తీసుకపోయారు, బాగుందన్నా, ఇది నాకు తట్టలే. కానీ విమానాలు వద్దంటే నేను ఒప్పుకోను. దగదర్తి విమానాశ్రయం సంగతేంది? 2019 ఎలక్షన్ల ముందు శంకుస్థాపన అయింది, ఇప్పటికీ ఆడ గొర్రెలు మేస్తన్నాయి. ఇప్పుడు మనోడే మంత్రి కదా.

ట్రంకురోడ్డు · ఉదయం 11:10

విమానాల శాఖ అంటే ఏందో తెలుసా, అది మిత్రపక్షాల సీటు. వాజ్‌పేయి అప్పుడు శరద్ యాదవ్, మన్మోహన్ అప్పుడు ఇదే ప్రఫుల్ పటేల్, తర్వాత అజిత్ సింగ్, 2014లో మన అశోక్ గజపతిరాజు, ఇప్పుడు రామ్మోహన్. పేపర్లో ఫోటో బాగా వస్తాది, రిబ్బన్లు కత్తిరించొచ్చు, బడ్జెట్ చిన్నది, విమానాలా ప్రైవేటోళ్ళవి, పెద్ద విమానాశ్రయాలూ చాలావరకు ప్రైవేటోళ్ళ చేతిలోనే. ఏదన్నా తేడా వస్తే మాత్రం మంత్రిని అంటారు.

రైల్వే కూడా ఒకప్పుడు మిత్రపక్షాలదే. పాశ్వాన్, నితీష్, మమత, లాలూ, వీళ్ళంతా రైల్వే బడ్జెట్ చదివి వాళ్ళ ఊళ్ళకి రైళ్ళు వేసుకున్నోళ్ళే. 2014 తర్వాత దాన్ని బయటికి ఇవ్వట్లేదు, ఇప్పుడు 240కి తగ్గినా ఇవ్వలేదు. దాన్ని బట్టి చూస్కో ఎవురు ఎవురి మీద ఆధారపడ్డారో.

కనిగిరి_కుండ · మధ్యాహ్నం 1:25

లంచ్ బెల్లులో రాస్తున్నా. రైల్వే మాట వచ్చింది కాబట్టి నడికుడి–శ్రీకాళహస్తి లైను గురించి ఎవరూ ఎత్తరేంటి? 300 కిలోమీటర్ల పైన లైను, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, వెంకటగిరి మీదుగా, అంటే ఈ రెండు జిల్లాల మెట్ట ప్రాంతం మొత్తం. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పిల్లలకి మ్యాప్ పాయింటింగ్‌లో చుక్కల గీతే గీయిస్తున్నా, అది ఎప్పటికి నిండు గీత అవుద్దో. ఆత్మకూరు వాళ్ళు రైలెక్కాలంటే ఇప్పటికీ నెల్లూరు పోవాల్సిందే.

ట్రంకురోడ్డు · మధ్యాహ్నం 1:50

అక్కా దాంట్లో తప్పు ఢిల్లీది ఒక్కటే కాదు. ఆ లైను ఒప్పందమే అట్టా ఉంది, ఖర్చులో సగం రాష్ట్రం పెట్టాల, భూమి రాష్ట్రం ఇవ్వాల. రైల్వే మంత్రి మన వీధిలోవాడే అయినా రాష్ట్రం వాటా కట్టకపోతే పట్టాలు పడవు. ఇప్పుడు పైన కిందా ఒకటే కూటమి కాబట్టి సాకు చెప్పుకునేదానికి ఎవరూ మిగల్లేదు, అదొక్కటే లాభం.

కనిగిరి_కుండ · మధ్యాహ్నం 1:58

అది నిజమే, ఒప్పుకుంటున్నా. నా పేరులో కుండ ఎందుకుందో కూడా చెప్తా, మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్ళు, క్యాన్లు కొనుక్కుని కుండలో పోసుకుంటాం. జలశక్తి శాఖ సీఆర్ పాటిల్‌ది, సహాయ మంత్రి సోమన్న, ఆయనే రైల్వేకి కూడా సహాయ మంత్రి. అంటే నాకు కావాల్సిన రెండు శాఖల్లోనూ ఉన్న ఒకే మనిషి ఆ కర్ణాటకాయన. కన్నడం నేర్చుకోవాలేమో.

చీమకుర్తి_నలుపు · మధ్యాహ్నం 2:30

గనుల శాఖ తెలంగాణ కిషన్ రెడ్డికి వచ్చింది కదా, మా గెలాక్సీ గ్రానైట్‌కి ఏమన్నా ఉపయోగం ఉంటాదా?

పాత_గుమాస్తా · మధ్యాహ్నం 3:05

ఉండదు నాయనా. గ్రానైట్ చిన్న ఖనిజాల కింద లెక్క, లీజులూ, రాయి తీసినందుకు కట్టే సీనరేజీ రుసుమూ అన్నీ రాష్ట్రానివే. నీ పని ఢిల్లీలో కాదు, విజయవాడలోనే తేలాలి.

కావలి_కుర్రోడు · సాయంత్రం 6:40

ఒక బేసిక్ డౌటు, నవ్వబాకండి. సహాయ మంత్రికి, స్వతంత్ర హోదాకి, క్యాబినెట్‌కి తేడా ఏంది? ముగ్గురికీ కారు మీద బుగ్గ ఉంటాదా?

పాత_గుమాస్తా · రాత్రి 7:30

బుగ్గలు 2017లోనే పీకేశారు నాయనా. తేడా ఏమిటంటే క్యాబినెట్ మీటింగులో కూర్చుని నిర్ణయంలో పాలు పంచుకునేది క్యాబినెట్ మంత్రి. స్వతంత్ర హోదా అంటే ఆ శాఖకి పైన ఇంకో మంత్రి ఉండడు, నేరుగా ప్రధానికే జవాబుదారీ, కానీ క్యాబినెట్‌లో తన శాఖ విషయం వచ్చినప్పుడే పిలుపు. మామూలు సహాయ మంత్రికి పై మంత్రి ఏ పని రాసిస్తే అదే. ఫైలు ఈయన బల్ల మీదకి రావాలా వద్దా అనేది ఆయన ఇష్టం. కొందరికి పార్లమెంటులో ప్రశ్నలకి జవాబులు చదవడమే పని. నేను ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు నా పరిస్థితీ ఇదే, పేరు గొప్ప, బీరువా తాళం పక్కవాడి దగ్గర.

పెమ్మసాని గారికి పైన గ్రామీణాభివృద్ధిలో శివరాజ్ సింగ్ చౌహాన్, కమ్యూనికేషన్లలో సింధియా. గుంటూరాయన డాక్టరు, అమెరికాలో వ్యాపారం చేసి 5,700 కోట్ల ఆస్తి చూపించారు, తెలివిగలవాడు అంటున్నారు, మరి ఆ ఇద్దరూ ఎంత పని పంచి ఇస్తారో చూడాలి. ఆ శాఖలో ఎర్రన్నాయుడు గారూ కూర్చున్నారు, వెంకయ్యనాయుడు గారూ కూర్చున్నారు, 2000 డిసెంబరులో గ్రామ సడక్ యోజన మొదలైంది వెంకయ్య గారు ఉన్నప్పుడే. మా అత్తగారి ఊరికి తారు రోడ్డు పడింది దానికిందే. కాబట్టి ఆ శాఖని తక్కువ చెయ్యను.

బుచ్చి_బుల్లెట్ · రాత్రి 7:44

బీరువా తాళం పక్కవాడి దగ్గర 😂 దీన్ని ఫ్రేం కట్టించాల

ట్రంకురోడ్డు · రాత్రి 8:15

ఇంకో ముక్క. కుర్రోడు దిగులుపడబల్లే, ఇంకా ఖాళీలు ఉండాయి. 2003లో 91వ రాజ్యాంగ సవరణ చేసి మంత్రుల సంఖ్య లోక్‌సభలో 15 శాతం దాటకూడదన్నారు. 543లో 15 శాతం అంటే 81. ఇప్పుడు 72. అంటే తొమ్మిది కుర్చీలు దాచిపెట్టారు, ఎవురన్నా అలిగితే చూపించేదానికి. ఇంకా ఎంపీ కానోళ్ళని కూడా చేశారు చూడు, పంజాబ్ బిట్టు ఓడిపోయాడు, కేరళ జార్జి కురియన్ అసలు ఏ సభలోనూ లేడు, ఆరు నెలల్లో ఎక్కడో ఒక చోట నుంచి సభలోకి వస్తే చాలు.

అద్దంకి_బస్టాండ్ · రాత్రి 8:50

మనోళ్ళు స్పీకర్ అడగాల్సింది. స్పీకర్ చేతిలో ఉంటే పార్టీలు చీల్చేటప్పుడు పనికొస్తాది, మహారాష్ట్రలో చూశాం కదా. రెండు మంత్రి పదవులకి ఒప్పుకోని వచ్చేశారు, ఆ [తొలగించబడింది] వాళ్ళకి ఎప్పుడూ ఇంతే

మోడరేటర్ · రాత్రి 9:05

కులం ఎత్తిన ముక్క తీసేశాను. ఈ దారం బాగా నడుస్తోంది, చెడగొట్టకండి. స్పీకర్ గురించి రాసుకోండి, అభ్యంతరం లేదు.

అద్దంకి_బస్టాండ్ · రాత్రి 9:12

సరే సారీ. కానీ పాయింటు అయితే అదే.

ఇందుకూరుపేట_చెరువు · రాత్రి 9:30

రేపు పొద్దున గన్నవరం కాడ కేసరపల్లిలో ముఖ్యమంత్రి ప్రమాణం, మా ఊరి నుంచి రెండు బస్సులు పోతన్నాయి. నేను పోను, ఏరియేటర్ మోటారు కాలింది.

ట్రంకురోడ్డు · జూలై 4 · రాత్రి 9:10

దారాన్ని మళ్ళీ లేపుతున్నా. క్యాబినెట్ కమిటీలు వేశారు, చూశారా? నేను గొళ్ళెం అన్నది దీని గురించే. భద్రతా కమిటీలో ప్రధాని, ఆ నాలుగు పెద్ద శాఖల మంత్రులు, అంతే, మిత్రపక్షాలు లేరు. డబ్బు విషయాలు తేల్చే ఆర్థిక వ్యవహారాల కమిటీలో కుమారస్వామి, లలన్ సింగ్ ఉన్నారు. మన రామ్మోహన్ రాజకీయ వ్యవహారాల కమిటీలో ఉన్నాడు, మాంఝీ కూడా అందులోనే. అంటే పెద్ద పెద్ద ప్రాజెక్టులకి డబ్బు ఓకే చేసే కమిటీలో 16 మంది ఉన్న పార్టీ లేదు, ఇద్దరు ఉన్న పార్టీ ఉంది.

కొండపి_పొగాకు · రాత్రి 9:40

గోయల్ కూడా అందులో ఉన్నాడా?

ట్రంకురోడ్డు · రాత్రి 9:43

ఉన్నాడు. నీ పెనాల్టీ ఆ కమిటీ దాకా పోదులే, కంగారుపడబాక.

పాత_గుమాస్తా · జూలై 5 · ఉదయం 5:40

ఆ రాజకీయ కమిటీని తీసిపారెయ్యకండి, చోటు ఉండటమే మాట చెల్లడం. అయితే ట్రంకురోడ్డు చెప్పింది నాకూ గుచ్చుకుంది, దాచను. 29 మంది ఉండి ఒక్క కుర్చీ అడగనప్పుడు మనం అడిగింది ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే అడగనివాడి దగ్గర ఎదుటివాడికి భయం ఉంటుంది. అంతకు ముందు సభలో ఒక్క ఓటుతో, 269కి 270తో ప్రభుత్వం పడిపోవడం వాజ్‌పేయి గారు చూసి ఉన్నారు మరి. కుర్చీ తీసుకున్నాక బేరం అయిపోయినట్టే లెక్క. ఇది నా అభిప్రాయం, పిల్లలు ఒప్పుకోనక్కర్లేదు.

కావలి_కుర్రోడు · ఉదయం 8:20

ఒప్పుకోను గుమాస్తా గారూ 🙏 2018 మార్చిలో గజపతిరాజు, సుజనా చౌదరి ఇద్దరూ రాజీనామా చేసి వచ్చేశారు కదా, అప్పుడు కుర్చీలు ఉన్నాయి కాబట్టే వదిలేసి కోపం చూపించగలిగారు. అసలు తీసుకోకపోతే ఏం వదుల్తారు?

పాత_గుమాస్తా · ఉదయం 8:45

ఇది బాగుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

కనిగిరి_కుండ · జూలై 23 · మధ్యాహ్నం 12:50

బడ్జెట్ విన్నారా!! స్టాఫ్ రూంలో ఫోన్ పెట్టుకుని వింటున్నాం, అమరావతికి 15,000 కోట్లు, పోలవరం, అయిపోయింది అనుకుంటుంటే రాయలసీమ, ప్రకాశం, ఉత్తర కోస్తా వెనకబడిన ప్రాంతాలకి గ్రాంట్లు అని చదివారు. ప్రకాశం! మా లెక్కల సారు లేచి నిలబడ్డాడు. విభజన అప్పుడు వెనకబడిన జిల్లాలు ఏడు అన్నారు, అందులో మా జిల్లా పేరు లేదు, పదేళ్ళకి ఆ పేరు ఢిల్లీలో పలికారు.

ట్రంకురోడ్డు · మధ్యాహ్నం 1:15

15,000 కోట్లు బహుళపక్ష సంస్థల ద్వారా అన్నారక్కా, అంటే ప్రపంచ బ్యాంకు లాంటివి, అప్పు. తీర్చేది ఎవరో ఇంకా తేల్చుకోవాల. సరే, ప్రకాశానికి ఎంత అన్నారు?

కనిగిరి_కుండ · మధ్యాహ్నం 1:18

అంకె చెప్పలేదు.

బుచ్చి_బుల్లెట్ · మధ్యాహ్నం 1:20

పేరు పలికితే జీతం వచ్చినట్టే సంబరపడతన్నారు ప్రకాశమోళ్ళు

కావలి_కుర్రోడు · మధ్యాహ్నం 2:05

మీకు పేరన్నా వచ్చింది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో కొప్పర్తి పేరు చదివారు, హైదరాబాద్–బెంగళూరు కారిడార్‌లో ఓర్వకల్లు చదివారు, రెండూ సీమవే. కృష్ణపట్నం పారిశ్రామిక నోడ్‌కి 2020లోనే ఓకే అయిందన్నారు, దాని ఊసే లేదు. దగదర్తి కూడా లేదు. నెల్లూరు అన్న మాటే వినపడలా.

ఇందుకూరుపేట_చెరువు · మధ్యాహ్నం 2:30

రొయ్య వచ్చిందిబ్బా. తల్లి రొయ్యల బ్రీడింగ్ సెంటర్లకి డబ్బులు అన్నారు, మేత మీద సుంకం తగ్గిస్తాం అన్నారు. నెల్లూరు పేరు లేకపోయినా మా చెరువు పేరు ఉన్నట్టే. మేత కంపెనీవోడు బస్తా మీద తగ్గిస్తాడా లేదా అని ఫోన్ చేస్తే, చూద్దాం సార్ అన్నాడు.

కొండపి_పొగాకు · మధ్యాహ్నం 3:10

సిగరెట్ మీద పన్ను పెంచలేదు, మాకు అదే బడ్జెట్. రేపు మా క్లస్టర్ వేలం, ఈ ఏడు రేటు బాగానే ఉంది, బేళ్ళు ట్రాక్టర్‌కి ఎత్తాల, మనుషులు దొరకట్లేదు. వస్తా.

కావలి_కుర్రోడు · మధ్యాహ్నం 3:25

అన్నా కోటా దాటిందా నీది?

కొండపి_పొగాకు · రాత్రి 8:50

దాటింది. నాలుగు బేళ్ళు.